సైకిళ్ళకు కాపలా

జకరయ్య ఆస్ట్రేలియాలో టూవూంబా అనే ఊళ్ళోని ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగి. వ్యాధి పేరు చెప్పడం అతని పని కాదు, అది డాక్టర్ల పని. అయినా పదిహేనేళ్ళ ఉద్యోగంలో అతనికి ఒక చూపు అలవడింది. రోగి తలుపు తోసుకుని వచ్చి బల్ల దాకా నడిచే ఆ ఏడెనిమిది అడుగులలోనే ఏ ఎముక నొస్తున్నదో, దాదాపు ఎంతకాలంగా నొస్తున్నదో అతనికి తెలిసిపోయేది. ఫిల్ము కడిగి వెలుగు పెట్టెకు తగిలించేసరికి చాలాసార్లు అతను అనుకున్నదే కనబడేది. దీన్ని గొప్ప ప్రజ్ఞ అనలేము. రోజుకు ముప్పై మంది నడక చూసేవాడికి ఎవరికైనా వస్తుంది. అటువంటి మనిషి ఏడు నెలలపాటు తన భార్య నడకను చూడలేదు. అతని జీవితంలో వేరుగా చెప్పుకోవలసినది ఇదొక్కటే. మిగిలినదంతా అందరి జీవితంలాగే గడిచింది.

అతనిది నరసాపురం దగ్గర పల్లె. ఆస్ట్రేలియా తెల్లవారికి తప్ప తలుపు తెరవని కాలం ముగిసిన మరుసటేడు, డెబ్భై నాలుగులో, భార్య మరియరాణితో వచ్చాడు. ఆమె బైబిలు స్త్రీ కూతురు. తల్లి ఊరూరా తిరిగి వాక్యం చెప్పే రోజుల్లో ఆమె పదమూడో ఏటి నుంచి తల్లిని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని కాలవ గట్ల మీద తొక్కింది. టూవూంబాలో మునిసిపల్ గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే పని దొరికింది. వచ్చిన కొద్ది నెలలకే కూతురు షీనా ఇక్కడే పుట్టింది.

ఎనభై ఆరు అక్టోబరులో మరియరాణి రొమ్ములో గడ్డ కనబడింది. ఆపరేషను చేసి తీసేశారు. తరువాత బ్రిస్బేన్‌లో ఆరు వారాలు కిరణాల చికిత్స. ఆ వార్డులో పక్క మంచం మీద యుద్ధం తరువాత వలస వచ్చిన ఆస్ట్రియా ముసలమ్మ ఒకామె ఉండేది. డాన్యూబ్ నది గట్టు వెంట తన ఊరు లింజ్ నుంచి వియన్నా దాకా సైకిలు బాట వేశారనీ, కొండ ఎక్కే పని లేదనీ, నది ఎటు పారితే అటు తొక్కుతూ పోవడమేననీ ఆమె చెప్పింది. మరియరాణికి ఆ మాట మనసులో పడిపోయింది. ఆమె జీవితంలో ఫలానాది కావాలని అడిగినవి చాలా తక్కువ. ఇది అడిగింది.

"బతికి బయటపడితే ఆ గట్టు మీద సైకిలు తొక్కుదామండీ, ఇద్దరం."

"బతకడమేంటి రాణీ, తప్పకుండా వెళ్దాం," అన్నాడు జకరయ్య.

డాక్టరు ఐదేళ్ళపాటు ఆరు నెలలకొకసారి పరీక్షకు రమ్మన్నాడు. ఈ జబ్బు పోయినట్టే పోయి ఎముకల్లో తేలుతుందని జకరయ్యకు ఒకరు చెప్పనక్కరలేదు. మొదటి నాలుగు పరీక్షలలో ఏమీ కనబడలేదు. అప్పుడు అతను ఆ పొరపాటు చేశాడు.

ఆ రోజుల్లో టూవూంబాలోనూ బ్రిస్బేన్‌లోనూ కలిపి పది పన్నెండు తెలుగు క్రైస్తవ కుటుంబాలుండేవి. ఎవరి సంఘం వారిదైనా నెలకోసారి అందరూ ఒక ఇంట్లో కూడేవారు. పాట, ప్రార్థన, వాక్యం, తరువాత సాక్ష్యాలు, ఆపైన భోజనం. కూడిక నడిపేది నాథన్ అనే ఇంజనీరు. సాక్ష్యాలను క్యాసెట్టులో పట్టి, నకళ్ళు తీసి, కోస్తాలోని బంధువుల సంఘాలకు పంపడం ఆయన పెట్టిన ఆనవాయితీ. ఎనభై తొమ్మిది ఫిబ్రవరి కూడికలో జకరయ్య లేచి నిలబడ్డాడు. అతను మాటకారి కాడు. ఆ రోజు మాత్రం మాట అతన్ని ఈడ్చుకుపోయింది.

"దేవుడు నా భార్యను సంపూర్ణంగా స్వస్థపరిచాడు. ఇక ఏ పరీక్షా అక్కర్లేదు. ఏ ఫిల్మూ అక్కర్లేదు. ఫిల్ములు తీసేవాణ్ణి నేనే చెబుతున్నాను. కృతజ్ఞతగా మేమిద్దరం వచ్చే ఏడాది సైకిళ్ళ మీద దేశాలు తిరిగి ఆయన్ని మహిమపరుస్తాం."

నలభై మంది చేతులెత్తారు. కొందరు ఏడ్చారు. మరియరాణి తల వంచుకుని కొంగు సవరించుకుంది.

జరిగినదానికి మనిషి సాక్షి కాగలడు. జరగబోయేదానికి ఎవరూ కాలేరు. జకరయ్య ఆ మధ్యాహ్నం జరగబోయేదానికి సాక్షిగా నిలబడ్డాడు. అతను అబద్ధమాడాలనుకోలేదు. భయపడ్డాడు. భయాన్ని గట్టిగా పలికితే అది ధైర్యంలా వినిపిస్తుంది, పలికినవాడికి కూడా. మార్చిలో ఐదో పరీక్ష తేదీ వచ్చింది. నలభై మంది ముందు అక్కర్లేదన్నదాని కోసం సోమవారం పొద్దున వరసలో కూర్చోవడం ఎలా? అతను ఆ మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. తేదీ దాటిపోయింది. తరువాతవి దాటిపోవడం ఇంకా తేలికయింది.

మే నెల నాటికి క్యాసెట్టు తిరిగి ఉత్తరాలుగా రావడం మొదలైంది. పాలకొల్లు నుంచి, ఆచంట నుంచి, ముఖం తెలియని స్త్రీలు రాసేవారు. అక్కా, మీ ఆయన గారి సాక్ష్యం విని నాకు ధైర్యం వచ్చింది, నాకూ అదే జబ్బు. మరియరాణి ఒక్కొక్కదానికీ జవాబు రాసేది. మందులు మానవద్దని ప్రతి జవాబులోనూ రాసేది. తన పరీక్షల సంగతి ఎందులోనూ రాసేది కాదు.

పదిహేనేళ్ళ ఉద్యోగానికి ఇచ్చే పొడుగాటి సెలవు జకరయ్యకు అప్పటికే రావలసి ఉంది. తొంభై జులై నెలకు పెట్టుకున్నాడు. శనివారాలు ఇద్దరూ పక్క ఊరు ఓకీ వైపు, నల్లరేగడి జొన్న చేల మధ్య తిన్నని రోడ్డు మీద సాధన చేసేవారు. అందరూ కార్లలో తిరిగే ఊళ్ళో చీర కుచ్చెళ్ళు మడమపైకి చెక్కుకుని సైకిలు తొక్కే నలభై ఐదేళ్ళ స్త్రీని చూసి పికప్ వ్యాన్లవాళ్ళు హారను మోగించేవారు. తరువాత ఆమె కూతురి ట్రాక్ ప్యాంటు వేసుకోవడం నేర్చింది. తొంభై మార్చిలో ఒకరోజు సైకిలు దిగుతూ కుడి తుంటి పట్టుకుంది.

"ఏమైంది?"

"సీటండీ. దిమ్మెక్కిపోయింది."

అతను సీటు మార్పించాడు. సీటు కాక మరేమైనా కావచ్చునన్న ఆలోచన అతని మనసులో ఎక్కడో ఉండే ఉండాలి. తెలియకపోవడం ఒక స్థితి. తెలియకుండా ఉంచుకోవడం ఒక శ్రమ. సీటు కోసం మూడు దుకాణాలు తిరిగిన మనిషి ఆ శ్రమే పడుతున్నాడు.

కూతురిని నాథన్ భార్య కుసుమ దగ్గర వదిలి, సైకిళ్ళను అట్టపెట్టెల్లో సర్ది విమానమెక్కారు. జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌లో మొదలుపెట్టి, పాసావ్, లింజ్, వియన్నాల మీదుగా బుడాపెస్ట్ దాకా ఐదు వారాలు. ఎముకలో పుట్టే నొప్పికి ఒక కుటిలత్వం ఉంది. నడిచేటప్పుడు ఒంటి బరువంతా తుంటి మోస్తుంది. సైకిలు మీద ఆ బరువును సీటు మోస్తుంది. కాబట్టి నది గట్టు మీద మరియరాణి ముందుండేది. రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు తొక్కేది. వెనక వచ్చే జకరయ్యకు ఆమె వీపు, గాలికి ఎగిరే జడ, ఆగకుండా తిరిగే పాదాలు కనబడేవి. ఇన్ని మైళ్ళు తొక్కే మనిషికి జబ్బేమిటని ప్రతిరోజూ తనకు తాను రుజువు చేసుకునేవాడు.

పట్టణం వచ్చేసరికి సైకిలు దిగాలి. అక్కడ రాతి పరుపు వీధులు, గుడి మెట్లు, గోపురాలు, కోటలు.

"మీరెక్కి రండి. నేను సైకిళ్ళు చూసుకుంటాను," అనేది మరియరాణి.

రేగెన్స్‌బర్గ్‌లో ఎనిమిది వందల ఏళ్ళ రాతి వంతెన మీద అతనొక్కడే అటు చివరిదాకా నడిచాడు. పాసావ్ కొండ మీది కోటకు అతనొక్కడే ఎక్కి మూడు నదులు కలిసే చోటు చూశాడు. తాళాలున్నాయి కదా, రావచ్చు కదా అని లింజ్‌లో ఒకసారి అన్నాడు. "మన సరంజామా ఎవరు చూస్తారండీ, మీరు మరీను," అని నవ్వింది. వియన్నాలో మూడు వందల నలభై మూడు మెట్లెక్కి పెద్ద గుడి గోపురం నుంచి కిందికి చూశాడు. చక్రవర్తులు నడిచిన పట్టణమంతా ఒక పటంలా పరుచుకుంది. దాని మధ్య రెండు సైకిళ్ళ పక్కన ఒక చిన్న చుక్క. ఆ చుక్కను కూడా ఫోటో తీశాడు. దిగి వచ్చి పైన ఏమేమి కనిపించాయో వర్ణించాడు. ఆమె శ్రద్ధగా విన్నది. విన్న తరువాత అతని ముఖంలోకి కొంచెంసేపు చూసింది. అతను కెమెరాలో కొత్త రీలు ఎక్కిస్తున్నాడు.

ఆగస్టులో తిరిగి వచ్చారు. ఫోటోలను స్లైడ్లుగా చేయించి, సెప్టెంబరు కూడికలో తెర మీద చూపించాలని నాథన్ ముందే నిర్ణయించాడు. శనివారం మధ్యాహ్నం జకరయ్య ఇంటి హాల్లో కర్టెన్లు మూశారు. తెరగా దుప్పటి కట్టారు. షీనా ప్రొజెక్టరు దగ్గర కూర్చుంది. కూడికకు చెందినవారితోపాటు ద్వారకానాథ్ కూడా వచ్చాడు. వరంగల్ మనిషి, యూనివర్సిటీలో రసాయనశాస్త్రం చెబుతాడు, దేవుడి జోలికి పోడు. స్నేహం కోసం, కుసుమ చేసే కోడి పలావు కోసం వస్తానని తనే చెప్పుకునేవాడు.

"నెక్స్ట్ పెట్టమ్మా," అన్నాడు జకరయ్య.

"ఓకే, డాడ్."

రేగెన్స్‌బర్గ్. వంతెన మొదట్లో రెండు సైకిళ్ళు, మరియరాణి. పాసావ్. గుడి ముందు సైకిళ్ళు, మరియరాణి. లింజ్ చౌకులో సైకిళ్ళు, మరియరాణి.

"ఏందమ్మా మరియరాణి గారూ," అన్నాడు ద్వారకానాథ్, "యూరప్ మొత్తం సైకిల్ స్టాండ్ కాడనే చూసొచ్చిన్రా? మా సార్ టికెట్ కొన్నది కాపలాదారుకా ఏంది?"

అందరూ నవ్వారు. కుసుమ, "మా వదినకి సైకిళ్ళంటే ప్రాణం లెండి. రాజుల కోటలు ఎవడిక్కావాలి, ఆయ్," అంది. మరియరాణి కూడా నవ్వింది. "ఆయన వర్ణిస్తారుగా అన్నయ్యగారూ, రెండు సార్లు చూడ్డం దండగని."

జకరయ్య కూడా నవ్వబోయాడు. చీకటి గదిలో వెలిగే తెర మీద నిలబడిన మనిషి ఆకారం అతని ముందుంది. పదిహేనేళ్ళుగా అతను చదువుతూ వచ్చింది అటువంటిదాన్నే. లింజ్‌లో ఆమె బరువంతా ఎడమ కాలి మీద ఉంది. కుడి మడమ నేలకు ఆనలేదు. చేయి సైకిలు సీటు మీద ఊరికే వేసింది కాదు, దాని మీద ఊనుకున్నది.

"షీనా, వెనక్కి పెట్టు. మొదటిది."

రేగెన్స్‌బర్గ్‌లో కూడా అంతే, కాకపోతే కొంచెం తక్కువ. పాసావ్‌లో నడుము ఒక పక్కకు ఒరిగింది. వియన్నాలో గోపురం మీద నుంచి తీసిన చుక్క నిలబడి లేదు, నేల మీద కూర్చుని ఉంది. బుడాపెస్ట్‌లో వంతెన సింహం కింద మెట్టు మీద కూర్చుని, కుడి కాలు చాపి, కెమెరా వైపు నవ్వుతూ ఉంది. ఇటువంటి మనుషులు తన గది తలుపు తోసుకుని రోజూ వస్తారు. వరసగా పెట్టి చూస్తే ఐదు వారాలలో ఎంత పెరిగిందో కొలిచి చెప్పవచ్చు.

"బ్రదర్ జకరయ్య గారూ," అన్నాడు నాథన్, "కృతజ్ఞతా మాటలు చెప్పి ముగిస్తే…"

అతను లేచాడు. తెలిసిన మనిషిగా లేచాడు. ఇది గుర్తుంచుకోవాలి. కిందటేడు ఫిబ్రవరిలో చెప్పిన మాటకు తెలియకపోవడమన్న సాకు కొంత ఉంది. ఇప్పుడు అది కూడా లేదు. టేపు తిరుగుతున్నది. అందరూ అతని వైపే చూస్తున్నారు. "ఎనిమిది వందల కిలోమీటర్లు ఆమెను నడిపించిన దేవునికి స్తోత్రం," అన్నాడు. అంతే చెప్పి కూర్చున్నాడు. అది భక్తి అనుకున్నారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది మరియరాణి.

భోజనాలయ్యాయి. కార్లు వెళ్ళిపోయాయి. ఇంకా ఎండ ఉంది. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న భార్యతో అతను అన్నాడు:

"రాణీ, ఇటు రా. ఈ గుమ్మం దాకా నడువు."

ఆమె కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. ఎందుకని అడగలేదు. ఈసారి దాచకుండా నడిచింది. ఆరడుగులు.

"ఎప్పటినుంచి?"

"సీటు మార్పించారే, అంతకు ముందునుంచి."

సోమవారం పొద్దున అతనే ఫిల్ము తీశాడు. వేరెవరినైనా తీయమందామని తోటి ఉద్యోగి అన్నాడు, అతను ఒప్పుకోలేదు. కటి ఎముక చెద తిన్న దూలంలా ఉంది. వెన్నులో రెండు చోట్ల కూడా ఉంది. చదవడానికి డాక్టరు అక్కరలేకపోయింది.

ఆ తరువాత ఏడు నెలలు. కిరణాలు, మాత్రలు, చక్రాల కుర్చీ, చివరికి మంచం. జకరయ్య ఒక ప్రశ్న పట్టుకుని డాక్టరు వెంట తిరిగాడు: మానేసిన పరీక్షలకు వెళ్ళి ఉంటే ఆమె బతికేదా? డాక్టరు మంచివాడు, నిజాయితీపరుడు. చెప్పలేమన్నాడు. కొంతకాలం ఎక్కువ ఉండేదేమో. నొప్పి తక్కువగా ఉండేదేమో. బతికేదని చెప్పలేను, బతికేది కాదనీ చెప్పలేను. తప్పు చేసినవాడికి శిక్ష ఒక విధమైన విశ్రాంతి. తన తప్పు ఎంతటిదో తెలియనివాడికి ఆ విశ్రాంతి కూడా లేదు. అతనికి దొరికింది ఒక 'ఏమో' మాత్రమే. దాన్ని మోయడానికి ఎటునుంచి ఎత్తుకోవాలో తెలియదు.

ఒక మధ్యాహ్నం దిండ్లు సర్దుతూ అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదు రాణీ?"



"అంతమందిలో అన్నారు. ఆ మాట నేనెలా పడేస్తానండీ. ఊళ్ళో ఆ ఆడాళ్ళంతా ఉత్తరాలు రాస్తన్నారు."

"నాతోనైనా."

"మీరు అడుగుతారని చూశాను. వియన్నాలో రెండు రోజులున్నాం కదా. రెండు రోజులూ చూశాను." అతని వైపు తల తిప్పి, "అడిగుంటే చెప్పేద్దును," అంది.

అతను చేతిలోని దిండును ఆమె కుడి మోకాలి కింద సర్దాడు. ఆమె కళ్ళు మూసుకుంది. కోపంగా కాదు. అలసిపోయింది.

తొంభై ఒకటి ఏప్రిల్‌లో మరియరాణి చనిపోయింది. నెల తిరిగాక నాథన్ ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాటలయ్యాయి. ఆమె ఎంత సహనవంతురాలో నలుగురు చెప్పారు. తరువాత జకరయ్య లేచాడు. ఆ మాటలను అతను వారం రోజులు తనలో కూడబలుక్కున్నాడు.

"ఎనభై తొమ్మిదిలో ఇదే కూడికలో నేను చెప్పింది నాకు తెలియని సంగతి. తెలిసినట్టు చెప్పాను. దానివల్ల పరీక్షలు మానిపించాను. ఆమెకు నొప్పి వస్తే చూడలేదు. చూడకూడదనే చూడలేదు. చూసిన రోజు కూడా మీ అందరి ముందు లేచి స్తోత్రం చెప్పాను. ఆమె నా మాట నిలబెట్టడానికి నొప్పి దాచుకుంది. నేను ఒక్కసారి అడగలేదు. ఈ మాటే ఆ క్యాసెట్టు విన్న వాళ్ళందరికీ పంపించండి."

కూర్చున్నాడు. ఎవరో ఒకరు లేచి తనను నిలదీస్తారని అతను ఎదురుచూశాడు. కనీసం మౌనమైనా ఉంటుందనుకున్నాడు.

"దేవునికి స్తోత్రం," అన్నాడు నాథన్, కన్నీళ్ళతోనే. "బ్రదర్ గారి సాక్ష్యం మనకు గొప్ప ఆదరణ." అందరూ ఆమేన్ అన్నారు. వారు క్రూరులు కారు. ఆ గదిలో లేచి నిలబడి చెప్పిన ఏ మాటనైనా స్వీకరించడానికి వారికి తెలిసిన రీతి అదొక్కటే. నేరం ఒప్పుకుంటే దాన్ని నేరంగానే ఉంచుకోవడానికి అక్కడ చోటు లేదు. కుసుమ పళ్ళెం తెచ్చి అతని చేతికిచ్చింది. "ఎంత తగ్గింపుతో చెప్పారండీ అన్నయ్యగారూ. అందరికీ కళ్ళమ్మట నీళ్ళొచ్చేసినియ్. కాస్త తినండి." నాథన్ కొత్త క్యాసెట్టు మీద తేదీ వేస్తున్నాడు. ఇది కూడా ఊళ్ళకు పోతుంది. విన్నవారికి ధైర్యం కలుగుతుంది.

ద్వారకానాథ్ ఒక మూల నిలబడి ఉన్నాడు. వచ్చి జకరయ్య భుజం తట్టి బయటికి పోయాడు.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు కారు షీనా నడిపింది. లైసెన్సు కొత్తది. పశ్చిమాన ఎండ కళ్ళలో కొడుతుంటే అద్దం మీది రేకు కిందికి దించింది.

"యూ షుడ్ హావ్ ఆస్క్‌డ్ హర్, డాడ్," అంది, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

"అవునమ్మా."

"ఐ మీన్ ఇట్."

"తెలుసు."

క్షమించానని ఆమె అనలేదు. జకరయ్య కూతురి ముఖం వైపు చూశాడు. తను చెప్పినదాన్ని చెప్పినట్టుగా విన్న మనిషి ఆ రోజు ఆమె ఒక్కతే. ఇకనుంచి ఆమెతో ఒకే ఇంట్లో ఉండాలి.